నలభై ఒక్క ఏళ్ళు ఒకే విచారణ



ఆగస్టు 4వ తేదీ వచ్చిందంటే విచారణ గురువులమైన మాకు పండుగే. ఆ రోజు మా పాలక పునీతుడు జాన్ మరియ వియాన్ని గారి స్మరణోత్సవం. దివ్యబలిపూజ ముగియగానే మరియదళం అమ్మలు దండలు తెస్తారు, సత్యోపదేశం పిల్లలు పాట పాడతారు, ఉపదేశి గారు లేచి రెండు మాటలు చెబుతారు. ఆ రెండు మాటలు ఏ ఊరికి వెళ్ళినా ఒకటే: "ఆయనకు చదువు అబ్బలేదు. అయినా భక్తితో పునీతుడయ్యారు." ఈ మాట నేను పాతికేళ్ళుగా వింటున్నాను. ప్రసంగాల్లో నేనూ చెప్పాను. ఇందులో సగమే నిజం. మిగిలిన సగం ఏమిటో ఈ వారం పాఠంలో చూద్దాం.

వియాన్ని గారు 1786 మే 8న ఫ్రాన్సు దేశంలో లియాన్ నగరానికి దగ్గరున్న దార్దిలీ అనే పల్లెలో పుట్టారు. సేద్యం చేసుకునే ఇల్లు. ఆరుగురు బిడ్డల్లో నాలుగోవాడు. పగలంతా గొర్రెలు, గాడిద, పొలం. రాత్రిపూట దారిన పోయే బీదలు వస్తే వాళ్ళకింత అన్నం, పడుకోవడానికి చోటు ఇవ్వడం ఆ ఇంటి వాడుక. ఆయనకు మూడేళ్ళప్పుడు ఫ్రెంచి విప్లవం మొదలైంది. కొద్ది కాలానికే శ్రీసభ మీద హింస వచ్చిపడింది. కొత్త ప్రభుత్వం అడిగిన ప్రమాణం చేయనన్న గురువులను వేటాడారు. దొరికినవారికి దేశ బహిష్కారమో, మరణమో. గురువులు వంటవాళ్ళుగా, వడ్రంగులుగా వేషాలు మార్చుకొని ఇల్లిల్లూ తిరిగి పూజలు చేసేవారు. పదకొండేళ్ళ వియాన్ని మొదటి పాపసంకీర్తనం చేసింది దేవాలయంలో కాదు, సొంత ఇంట్లో గోడ గడియారం కింద. 1799లో మొదటి దివ్యసత్ప్రసాదం స్వీకరించింది పక్క ఊరైన ఎక్యుల్లీలో, ఒక ఇంట్లో. కిటికీలకు అడ్డంగా ఎండుగడ్డి బండ్లు నిలబెట్టారు, లోపలి కొవ్వొత్తుల వెలుగు వీధిలోకి కనబడకూడదని. బయట మగవాళ్ళు ఏమీ ఎరగనట్టు గడ్డి దించుతూ ఉన్నారు.

మన ఇళ్ళల్లో మొదటి దివ్యసత్ప్రసాదం అనగానే ముందు ఫొటోగ్రాఫరును, తరువాత కేకును మాట్లాడుకుంటాం. తప్పని అనను, పండుగ పండుగే. కానీ ఆ గడ్డి బండ్ల సంగతి మీ పిల్లలకు ఒకసారి చెప్పండి. తల్లిదండ్రులు ప్రాణాలకు తెగించి సంపాదించి పెట్టింది ఆ బిడ్డ జన్మలో మరచిపోలేదు.

చదువు సంగతి

ఇక చదువు. ఆయనకు దాదాపు ఇరవై ఏళ్ళు వచ్చేవరకు సరైన బడి లేదు. విప్లవం బడులను కూడా మూయించింది. ఎక్యుల్లీ విచారణ గురువు బల్లే గారు తన ఇంట్లోనే ఒక చిన్న బడి పెట్టి గురుపట్టం కోరే కుర్రవాళ్ళకు లాటిన్ చెప్పేవారు. పన్నెండేళ్ళ పిల్లల పక్కన ఈ ఇరవై ఏళ్ళ రైతు బిడ్డ కూర్చున్నాడు. రాత్రి బట్టీ పట్టింది తెల్లారేసరికి పోయేది. ఆ పిల్లల్లో లోరాస్ అనే చురుకైనవాడు ఒకనాడు విసిగిపోయి అందరి ఎదుటా ఆయన్ను కొట్టాడు. వియాన్ని గారు ఆ పిల్లవాడి ముందు మోకరించి క్షమాపణ అడిగారు. ఆ పిల్లవాడు ఏడ్చేశాడు. తరువాతి కాలంలో ఈ లోరాసే అమెరికాలో డ్యుబూక్ పీఠానికి మొదటి పీఠాధిపతి అయ్యారు.

1809లో నెపోలియన్ సైన్యంలోకి పిలుపు వచ్చింది. శిబిరంలో చేరగానే జబ్బుపడి ఆసుపత్రి పాలయ్యారు. కోలుకున్న తరువాత తన దళం బయలుదేరే వేళకు దేవాలయంలో ప్రార్థన చేసుకుంటూ ఉండిపోయారు. దళం వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్తుంటే దారిలో కలిసిన ఒక మనిషి ఆయన్ను లె నోయే అనే కొండపల్లెకు తీసుకుపోయాడు. అక్కడ ఒక వితంతువు ఇంట్లో మారుపేరుతో ఏడాదికి పైగా దాగి ఉన్నారు. సైనికులు వెతకడానికి వచ్చినప్పుడు పశువుల కొట్టంలో గడ్డి కింద ఊపిరి బిగబట్టి పడుకున్నారు. దీన్ని కప్పిపుచ్చనక్కర లేదు. చట్టం దృష్టిలో ఆయన పారిపోయిన సైనికుడే. చివరికి చక్రవర్తి ప్రకటించిన క్షమాభిక్ష వల్ల, తమ్ముడు తన బదులు సైన్యంలో చేరడం వల్ల ఇంటికి రాగలిగారు. ఆ తరువాత కొద్ది వారాలకే తల్లి కన్నుమూసింది.

1812లో వెర్రియేర్ చిన్న గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం, మరుసటి ఏడు లియాన్ పెద్ద గురువిద్యాలయం. అక్కడ పాఠాలు లాటిన్‌లో, ప్రశ్నలు లాటిన్‌లో, జవాబులూ లాటిన్‌లోనే. కొన్ని నెలలకే ఇంటికి పంపేశారు. బల్లే గారు వదలలేదు. మళ్ళీ తన ఇంట్లోనే కూర్చోబెట్టి చెప్పారు. లాటిన్ పరీక్షలో ఆయన మళ్ళీ తడబడ్డారు. అప్పుడు బల్లే గారు పెద్దలను బతిమాలి, పరీక్ష తన ఇంట్లోనే ఫ్రెంచి భాషలో జరిగేలా చూశారు. తల్లి భాషలో అడిగిన ప్రశ్నలకు వియాన్ని గారు చక్కగా, పెద్దలు తృప్తిపడేలా జవాబులు చెప్పారు.

ఈ చివరి సంగతి మన ప్రసంగాల్లో ఎందుకో జారిపోతుంది. నేను తత్త్వశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నవాణ్ణి. తెలుగు మీడియంలో చదివి గురువిద్యాలయానికి వెళ్ళిన నాకు మొదటి ఏడాది అరిస్టాటిల్ కంటే ఇంగ్లీషే ఎక్కువ కష్టమైంది. నా పక్క బెంచీలో కూర్చున్న ఒక కుర్రవాడు పాఠం బాగా అర్థం చేసుకొని రాత్రి మాకు తెలుగులో విడమరచి చెప్పేవాడు. పరీక్షలో మాత్రం తప్పేవాడు. భాష రానివాడు తెలివి లేనివాడిలా కనబడతాడు. ఆ కుర్రవాడు రెండో ఏడు ఇంటికి వెళ్ళిపోయాడు. వాడి కోసం బతిమాలడానికి ఒక బల్లే గారు లేరు. మీ బిడ్డ ఏదైనా పరీక్ష తప్పినప్పుడు, వాడికి రానిది పాఠమా లేక పాఠం చెప్పిన భాషా అని ఒకసారి అడిగి చూడండి.

1815 ఆగస్టు 13న గ్రెనోబుల్ పట్టణంలో వియాన్ని గారు గురుపట్టం పొందారు. అప్పటికి ఆయన వయసు 29. లియాన్ నుండి నూరు కిలోమీటర్ల దాకా ఉన్న దూరం కాలినడకన, ఒంటరిగా వెళ్ళారు. వెంట బంధువులు లేరు, విందు లేదు. మరో విశేషం వినండి. పాపసంకీర్తనాలు వినే అనుమతి ఆయనకు వెంటనే ఇవ్వలేదు, కొన్ని నెలలు ఆపారు. అనుమతి వచ్చాక ఆయన దగ్గర మొదట మోకరించింది గురువైన బల్లే గారే.

230 మంది ఊరు

బల్లే గారు 1817 డిసెంబరులో మరణించారు. 1818 ఫిబ్రవరిలో వియాన్ని గారిని ఆర్స్ పంపారు. 230 మంది ఉన్న పల్లె. అప్పటికి అది పూర్తి విచారణ కూడా కాదు. పొగమంచులో దారి తప్పి, గొర్రెలు కాసే పిల్లవాణ్ణి దారి అడిగి ఊరు చేరారు. కోటలోని దొరసాని గురువు గారి ఇంటికి పంపిన మంచి సామానులో చాలా భాగం తిప్పి పంపేశారు. వారానికి సరిపడా బంగాళాదుంపలు ఒకేసారి ఉడకబెట్టుకొని, చల్లారినవే, కొన్నిసార్లు బూజు పట్టినవే తినేవారు. ఈ ఉపవాసాలు మితిమీరాయని తరువాతి కాలంలో ఆయనే ఒప్పుకొని, యౌవనపు తొందరపాటు అనేవారు. ఎవరూ అనుకరించవద్దు.

ఊరివాళ్ళు చెడ్డవాళ్ళేమీ కారు. విప్లవం తరువాత ఒక తరం పిల్లలకు సత్యోపదేశం అందలేదు, అంతే. ఆదివారం పొలం పని, అంత చిన్న ఊరికి నాలుగు మద్యం దుకాణాలు, సాయంత్రం నాట్యాలు. మిరప కోతల కాలంలో ఆదివారం ఉదయం ఖాళీ బెంచీలకు ప్రసంగం చెప్పే నాకు ఆ ఊరు కొత్తగా అనిపించదు. కూలికి వెళ్ళే అమ్మను నేనేమని తిట్టను? కానీ సొంత పొలంలో కూలీలను దింపే ఆసామికి ఒక మాట చెప్పవచ్చు కదా. వియాన్ని గారు ఇద్దరికీ చెప్పారు, గట్టిగా చెప్పారు.

ఇక్కడ కాస్త ఆగాలి. మొదటి ఏళ్ళలో ఆయన చాలా కఠినుడు. ప్రసంగాల్లో నరకం ఎక్కువ, ఊరట తక్కువ. పునీత స్నాపక యోహాను గారి పీఠం మీద, ఆయన తల ఒక నాట్యానికి వెలగా పోయిందని అర్థం వచ్చే మాట రాయించారు. నాట్యానికి వెళ్ళడం మాననివారికి పాపక్షమాపణ ఇవ్వకుండా తిప్పి పంపేవారు. కొందరిని నెలల తరబడి అలా నిలబెట్టారు. ఆనాటి ఫ్రాన్సులో గురువులకు నేర్పిన నీతిశాస్త్రమే అటువంటిది. పాపి మారాడని గట్టిగా రుజువయ్యేదాకా క్షమాపణ వాయిదా వేయడం మంచి పద్ధతి అనుకునేవారు. బల్లే గారూ ఆ బడివారే.

తరువాత ఆయన మారారు. ఇటలీకి చెందిన పునీత అల్ఫోన్సు లిగోరి గారి నీతిశాస్త్రం 1830ల నాటికి ఫ్రాన్సులో వ్యాపించింది. పీఠాధిపతి దెవీ గారు దాన్ని ప్రోత్సహించారు. వియాన్ని గారు దాన్ని చదివారు. చదువు రానివాడంటూ మనం చెప్పుకునే మనిషి నడివయసులో కొత్త నీతిశాస్త్రం చదివి తన పద్ధతి దిద్దుకున్నారని గమనించండి. అక్వినాసు తోమాసు గారు వివేకం అనే సుగుణం గురించి చెప్పింది ఇదే. సూత్రం తెలియడం ఒకటి. ఈ మనిషికి, ఈ వేళ, ఈ కష్టంలో ఆ సూత్రం ఎలా వర్తిస్తుందో తెలియడం మరొకటి. మొదటిది పుస్తకంతో వస్తుంది. రెండోది వేలమంది ఏడుపు విన్నాక వస్తుంది. చివరి ఏళ్ళలో ఆయన పెద్ద పాపానికి కూడా చిన్న ప్రాయశ్చిత్తమే ఇచ్చి, మిగిలింది తానే రాత్రిపూట చేసేవారు. ఇంత తేలిక ప్రాయశ్చిత్తమేమిటని జనమే ఆశ్చర్యపోయేవారు.

ఆయనలో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ మార్పే. మనలో చాలామంది పెద్దవుతున్నకొద్దీ బిగుసుకుపోతాం. ఆయన మెత్తబడ్డారు.

దయ్యం రాత్రిళ్ళు తలుపులు కొట్టేదని, మంచం లాగేదని ఉన్న కథలు మనవాళ్ళకు మహా ఇష్టం. వాటికోసం చూస్తున్నవారు నన్ను క్షమించాలి. నాకు చోటు తక్కువ, పైగా దయ్యానికి ప్రచారం చేయడం నా పని కాదు.

జనం వచ్చారు. మొదట పక్క ఊళ్ళ నుండి, తరువాత దేశం నలుమూలల నుండి, ఏటా వేలమంది. లియాన్ రైలుస్టేషనులో ఆర్స్ యాత్రికులకోసం ఎనిమిది రోజులు చెల్లే టిక్కెట్లు అమ్మేవారు. తమ వంతు రావడానికి అన్ని రోజులు పట్టేది. అర్ధరాత్రి దాటగానే ఆయన లాంతరు పట్టుకొని దేవాలయానికి వచ్చేవారు. చలికాలంలో రోజుకు పదకొండు పన్నెండు గంటలు, వేసవిలో పదహారు గంటల దాకా ఆ పెట్టెలో కూర్చునేవారు. మధ్యలో పూజ, పదకొండు గంటలకు సత్యోపదేశం, నాలుగు ముద్దలు, రోగుల ఇళ్ళు. ఎవరికైనా స్వస్థత కలిగితే అది పునీత ఫిలోమినమ్మ చేసింది అని తప్పించుకునేవారు.

అర్జీ

ఇంత జరుగుతుంటే చుట్టుపక్కల గురువులకు కంటగింపు కాకుండా ఉంటుందా? లాటిన్ రానివాడు మన విచారణ జనానికి సలహాలు చెప్పడమేమిటని కొందరు పీఠాధిపతికి ఒక అర్జీ రాసి సంతకాలు సేకరించారు. అది తిరిగి తిరిగి పొరపాటున వియాన్ని గారి చేతికే వచ్చింది. ఆయన చదివి, అందులో ఉన్నది నిజమేనని, తానూ దాని మీద సంతకం పెట్టి పంపించారు. ఆ తరువాత ఆ అర్జీ పస లేనిదైపోయింది.

ఈ కథ నాకు సరదాగా ఉండదు, ఎందుకో చెబుతాను. చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఒక ఊళ్ళో పెద్దలు నా మీద అర్జీ పెట్టారు. శ్మశానం గోడ విషయంలో నేను ఎవరి మాటా వినలేదని, కోపిష్టినని రాశారు. పీఠాధిపతి గారు పిలిచి ఆ కాగితం నా చేతికిచ్చారు. నేను ఏం చేశాను? ఏం రాశారో తరువాత చదివాను. ముందు కింద సంతకాలు ఎవరివో చూశాను. ఆ పేర్లు నాకు నేటికీ వరుసగా గుర్తున్నాయి. రాసింది నిజమా కాదా అని ఆలోచించడానికి మూడేళ్ళు పట్టింది. గోడ విషయంలో నాదే న్యాయం అని ఇప్పటికీ అనుకుంటాను. కోపిష్టి అన్న మాట మాత్రం నిజం. దానికింద నేనూ సంతకం పెట్టి ఉండవలసింది.

వియాన్ని గారికి ఇంకో కష్టం ఇంట్లోనే ఉంది. 1845లో సహాయ గురువుగా వచ్చిన రేమండ్ గారు ఎనిమిదేళ్ళు ఉన్నారు. మంచి చదువు, పెద్ద గొంతు, అధికారం చలాయించే స్వభావం. జనం ముందే ముసలి గురువును కించపరచిన సందర్భాలున్నాయి. ఊరివాళ్ళు ఆయన్ను పంపేయమన్నారు. వియాన్ని గారు మాత్రం ఆయన తన తప్పులు తనకు చెబుతున్నారని వెనకేసుకొచ్చేవారు.

1824లో ఆడపిల్లల కోసం తెరిచిన బడి ప్రావిడెన్సు గురించి తప్పక చెప్పాలి. కేథరిన్ లస్సాన్య్, బెన్వాత్ లార్దే అనే ఇద్దరు ఊరి అమ్మాయిలను ముందు చదివించి తెచ్చి, వాళ్ళ చేతికే బడి అప్పగించారు. ఫీజు లేదు. కొద్ది కాలానికే అనాథ పిల్లలూ చేరారు. ఆయన రోజూ చెప్పిన సత్యోపదేశం ఈ పిల్లల కోసమే మొదలైంది. తన చేతికొచ్చిన ప్రతి పైసా ఇటే పోయేది. 1840ల చివర్లో పై అధికారులు ఆ బడిని మఠకన్యలకు అప్పగించాలని నిర్ణయించారు. ఆయనకు మనసు ఒప్పలేదు. దేవుని చిత్తం అందులో తనకు కనబడలేదుగాని పీఠాధిపతికి కనబడిందని సరిపెట్టుకొని సంతకం చేశారు. విధేయత అంటే లోపల కూడా సంతోషంగా ఉండటమే అనుకునేవాళ్ళు ఈ సంఘటన చూడాలి.

పారిపోయిన కాపరి

ఇక మన ప్రసంగాల్లో ఎవరూ చెప్పని సంగతి. ఈ పునీతుడు తన విచారణ వదిలి పారిపోవాలని ఒక్కసారి కాదు, పలుమార్లు ప్రయత్నించారు. 1840 ప్రాంతంలో ఒక రాత్రి బయలుదేరి దారిలోనే వెనక్కి తిరిగారు. 1843లో చావు దాకా వెళ్ళి బతికాక దార్దిలీలోని అన్న ఇంటికి వెళ్ళిపోయారు. రెండు మూడు రోజుల్లోనే జనం అక్కడికీ వచ్చి పాపసంకీర్తనాలకు వరుస కట్టారు. వారం తిరగకుండానే వెనక్కి వచ్చారు. 1853 సెప్టెంబరులో, 67 ఏళ్ళ వయసులో, మళ్ళీ రాత్రివేళ కదిలారు. ఈసారి కొత్త సహాయ గురువు తొక్కానియే గారికి ముందే తెలిసింది. ఆయన ప్రార్థన పుస్తకం దాచేశారు. ఎవరో గంట కొట్టారు. ఊరు లాంతర్లతో వచ్చి దారికి అడ్డంగా నిలబడింది. ముసలాయన కాసేపు నిలబడి, దేవాలయంలోకి వెళ్ళి, పాపసంకీర్తన పెట్టెలో కూర్చున్నారు.

ఎందుకు వెళ్ళాలనుకున్నారు? అలసట ఒక కారణం. దానికంటే పెద్దది భయం. తనవంటి అజ్ఞాని ఇందరి ఆత్మలకు దేవుని ముందు జవాబు చెప్పలేడని, చావుకు ముందు ఎక్కడైనా ఏకాంతంలో తన జీవితం గురించి ఏడవాలని కోరిక. అది దేవుని పిలుపో, శోధనో ఆయనకే స్పష్టంగా తెలియలేదు. నాకూ తెలియదు. చివరికి శోధనేనని ఆయన అనుకున్నారు.

బదిలీ కోరుతూ పీఠాధిపతి గారికి రాసిన ఉత్తరం ఒకటి నా సొరుగులో ఉంది. రెండేళ్ళ కిందటిది. పోస్టు చేయలేదు. ఎందుకు చేయలేదో చెప్పమంటే పెద్ద కారణమేమీ లేదు. ఆ రాత్రే ఒక ఇంట్లో తండ్రి చనిపోయాడని పిలుపొచ్చింది. వెళ్ళి వచ్చేసరికి తెల్లారింది. మా విచారణవారు ఇది చదివి కంగారు పడవద్దు. మీరు తెలుసుకోవలసింది ఒకటుంది. మీ గురువు గారు కొన్ని రాత్రులు వెళ్ళిపోదామనుకొని ఉంటారు. ఆర్స్ ఊరివాళ్ళు ఆ రాత్రి గురువును తిట్టలేదు, లాంతర్లు పట్టుకొని వచ్చారు.

1852లో ఆయనకు గౌరవ పదవి ఇచ్చి పీఠాధిపతి మెడలో వేసిన అంగీని 50 ఫ్రాంకులకు అమ్మి ధర్మకార్యానికి ఇచ్చారు. 1855లో ప్రభుత్వం పెద్ద పతకం ప్రకటిస్తే ఎన్నడూ పెట్టుకోలేదు. చుట్టుపక్కల విచారణల్లో వడకాలు జరిపించడానికి మాత్రం డబ్బు కూడబెట్టి మూలనిధులు ఏర్పరిచారు.

1859 జూలై మండుటెండల్లో కూడా పాపసంకీర్తనాలు ఆగలేదు. నెలాఖరున మంచం పట్టారు. ఆగస్టు 4 తెల్లవారుజామున రెండు గంటలకు ప్రాణం విడిచారు. వయసు 73. అందులో 41 ఏళ్ళు ఆర్స్‌లోనే. 1905లో ధన్యుడిగా, 1925 మే 31న పదకొండవ పియూసు పాపుగారు పునీతుడిగా ప్రకటించారు. 1929లో ఆయన విచారణ గురువులందరికీ పాలకుడయ్యారు. ఆయన మరణించి 150 ఏళ్ళయిన సందర్భంగా పదహారవ బెనెడిక్టు పాపుగారు 2009 జూన్ నుండి 2010 జూన్ వరకు గురువుల సంవత్సరం ప్రకటించారు. అప్పుడు మన విచారణల్లో కూడా ప్రార్థనా కూటాలు జరిగాయి, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

మా విచారణవారికి ఒక మాట. ఈ ఏడు దండలు వద్దని ఉపదేశి గారికి చెప్పాను. ఆగస్టు 3 సాయంత్రం ఐదింటి నుండి దేవాలయంలో పాపసంకీర్తనాలకు కూర్చుంటాను. పొలం పనుల మీద ఉన్నవాళ్ళు రాత్రి తొమ్మిది దాటాక రండి, తలుపు తీసే ఉంటుంది. చాలా ఏళ్ళుగా రానివాళ్ళకు జపాలు గుర్తు లేకపోయినా ఫరవాలేదు, నేను అందిస్తాను.